లేబుళ్ళు లేని క్యాసెట్లు

ఆయన్ని వీధిలో అందరూ గిరగిర మావయ్య అంటారు. పిల్లలు పెట్టిన పేరు. కెమెరాని సైకిలు చక్రానికి కట్టి గిరగిరా తిప్పే మనిషిని ఇంకేమంటారు, చెప్పండి? మొదట్లో ఆయనకి కోపం వచ్చేది. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి "ఎవరండీ మాట్లాడేది?" అంటే నోరు జారి తనే "గిరగిర మావయ్యని" అనేశాడు. ఇంక ఆ తర్వాత పేరు గురించి మాట్లాడే హక్కు పోయింది.

వయసు అరవై ఐదు. ఒకప్పుడు ఫంక్షన్లకి వీడియో తీసేవాడు. భుజం మీద పెద్ద కెమెరా, నడుముకి బ్యాటరీ బెల్టు, కాళ్ళకి చుట్టుకునే లైటు వైరు. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, ఆయన చేతిలో పని పోయింది. ఇప్పుడు పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఒక జిరాక్సు షాపులో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. "గడ్డం కాస్త పైకి, నవ్వొద్దు" అనడమే ఉద్యోగం. ఇరవై ఏళ్ళు "నవ్వండి బాబూ, ఒక్కసారి నవ్వండి" అని జనాన్ని బతిమాలిన మనిషికి చివరికి నవ్వొద్దని చెప్పే పని దొరికింది. తలరాత అంటే అదే మరి.

రెండు దాటితే మాత్రం ఆయన ఎవరి మాటా వినడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, పైన డాబా. డాబా మీదే ఆయన అసలు పని. స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి ఎండలో పెడతాడు. ఆ నీళ్ళ మీంచి వెలుతురు లేచి గోడ మీద పాకుతుంటే తీస్తాడు. కెమెరాని బట్టలు ఆరేసే తాడుకి వేలాడదీసి గాలికి వదిలేస్తాడు. విరిగిన దువ్వెన, అరిగిపోయిన సీడీ, మందుల సీసా, దేన్నీ పారెయ్యడు. దేంట్లోంచి ఏ వెలుతురు వస్తుందో ఎవరికి తెలుసు?

ఈ పిచ్చి ఆయనకి ఊరికే పట్టలేదు. ఒక ఫంక్షన్లో కెమెరా ఆపడం మర్చిపోయి కుర్చీ మీద పెట్టేసి భోజనానికి వెళ్ళాడు. ఇంటికొచ్చి వేసి చూస్తే అరగంట సేపు పైకప్పు. ఆ పైకప్పు మీద, ఎవరో నీళ్ళ గ్లాసు కదిపినప్పుడల్లా ఒక వెలుగు మరక అటూ ఇటూ పరుగెత్తడం. ఆయన ఆ అరగంటా కదల్లేదు. 'ఇన్నేళ్ళుగా నేను తీసినవాటిలో నేను తియ్యనిదే బాగుంది కదా' అనిపించింది. ఫంక్షన్ వాళ్ళకి మాత్రం అలా అనిపించలేదు. వాళ్ళు పెట్టిన చివాట్లు చుట్టుపక్కల నాలుగు వీధులు విన్నాయి.

అప్పటినుంచీ ఆయన పద్ధతి ఒకటే. తను ఏదీ ఎంచుకోకూడదు. అందుకు మూడు బిస్కెట్ డబ్బాలు పెట్టుకున్నాడు. ఒకదానిలో చోట్ల చీటీలు: మెట్లు, డాబా, బస్సు, నీళ్ళ ట్యాంకు కింద. రెండోదానిలో కదలిక: వేలాడదియ్యి, తిప్పు, దొర్లించు, వదిలెయ్యి. మూడోదానిలో నిమిషాలు. మూడు చీటీలు తీశాక, కళ్ళు మూసుకుని అరలోంచి ఒక క్యాసెట్ లాగుతాడు. కొత్త క్యాసెట్లు ఎక్కడా దొరకవు కాబట్టి అన్నీ పాతవే, పాత ఫంక్షన్లవే. కాపీ తీసి ఇచ్చాక మిగిలిపోయిన అసళ్ళు. మొత్తం యాభై ఎనిమిది.

ఆఖర్న ఒక రూపాయి బిళ్ళ ఎగరేస్తాడు. ఈ బిళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ పాత కెమెరాలో ఒక ప్రత్యేకమైన బటన్ ఉంది. అది నొక్కి తీస్తే క్యాసెట్‌లో పాత బొమ్మ పోయి కొత్త బొమ్మ పడుతుంది కానీ పాత శబ్దం చెరగదు, అలాగే ఉంటుంది. నొక్కకుండా తీస్తే బొమ్మా శబ్దమూ రెండూ పోతాయి. బిళ్ళ మీద బొమ్మ పడితే బటన్ నొక్కుతాడు, బొరుసు పడితే నొక్కడు. అలా నీళ్ళ మీద ఎండ ఆడుతుంటే వెనక ఎప్పటిదో ఎవరిదో సన్మాన ప్రసంగం వినిపిస్తుంది. చీమల బారు వెళ్తుంటే "మైక్ టెస్టింగ్, మైక్ టెస్టింగ్" అని ఎవరో అరుస్తుంటారు. ఏది ఎక్కడ తగులుతుందో ఆయనకీ తెలియదు. తీసినవన్నీ వేసి చూడడు, దేన్నీ రాసిపెట్టుకోడు కూడా. రాసుకుంటే అది తెలిసినట్టే కదా అంటాడు.

కింద బట్టలిస్త్రీ చేసే అతను అప్పుడప్పుడు పైకొచ్చి చూసేవాడు.

"ఇంతకీ ఇందులో హీరో ఎవరు మావయ్యా?"

"వెలుతురు."

"హీరోయినో?"

"గాలి."

"మరి విలనో?"

"నువ్వే. నీ బొగ్గుల పొగ నా ఫ్రేముకి అడ్డం."

ఇస్త్రీ అతను పగలబడి నవ్వి దిగిపోయేవాడు. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం అని వీధి వీధంతా వదిలేసింది.

ఆ అరలోని క్యాసెట్లకి ఒకప్పుడు లేబుళ్ళుండేవి. ఎవరి ఫంక్షన్, ఏ తేదీ, అన్నీ ఆయన గుండ్రటి రాతలో. కళ్ళు మూసుకుని లాగినా, కళ్ళు తెరిచాక లేబుల్ కనబడేది. "అయ్యో, ఇది ఆ డాక్టరు గారి ఇంటిది, ఆవిడ ఎంత మర్యాద చేసిందో" అని మనసు పీకేది, మళ్ళీ లోపల పెట్టేసేవాడు. ఇలాగైతే ఆట సాగదని పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం కూర్చుని, తడిగుడ్డ పెట్టి నానబెట్టి, గోళ్ళతో గీకి, అన్ని లేబుళ్ళూ ఊడబీకేశాడు.

ఒక్క క్యాసెట్ తప్ప. అది అరలో లేదు. బీరువాలో, చీరల అడుగున, ఒక పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంది. దాని మీద లేబుల్ కూడా భద్రంగా ఉంది: "స్కూలు వార్షికోత్సవం, రెండో భాగం."

అది స్కూలుది కాదు. అందులో ఉన్నది ఆయన భార్య.

ఆవిడకి కెమెరా అంటే అస్సలు పడేది కాదు. నలుగురి ముఖాల మీదా లైటు పెట్టే మనిషి ఇంట్లో ఉంటే, తన ముఖం ఎప్పుడూ చీకట్లోనే ఉండాలన్నంత పట్టుదల. ఒక్కసారి, కెమెరా రిపేరు నుంచి వచ్చిన రోజు, డాబా మీద ఆవిడ బట్టలుతుకుతుంటే, కెమెరా సరిచూసుకుంటున్నట్టు నటిస్తూ, చెప్పకుండా ఇరవై నిమిషాలు తీశాడు. కొత్త క్యాసెట్ పెట్టి, మొదట్నుంచీ. నాలుగేళ్ళు నిండబోతున్న కూతురు తల్లి వెనకాలే తిరుగుతోంది. ఆవిడ సంగతి కనిపెట్టి, "చెరిపేస్తారా, నన్నే చెరపమంటారా?" అంది. చెరిపేశానని ఒట్టేసి చెప్పాడు. చెరపలేదు. ఆవిడ చేతికి దొరికినా అనుమానం రాకుండా, ప్రపంచంలో ఎవరూ కోరి చూడని పేరేదా అని ఆలోచించి, ఆ లేబుల్ అంటించాడు. నిజమే, స్కూలు వార్షికోత్సవం రెండో భాగం ఎవరు చూస్తారు? ఆ స్కూలు వాళ్ళే రాలేదు పట్టుకెళ్ళడానికి.

ఆ తర్వాత ఆరు నెలలకే ఆవిడ పోయింది. మూడు రోజుల జ్వరం. వయసు ముప్పై నాలుగు.

ఆయన ఆ క్యాసెట్ బీరువాలో పెట్టాడు, మళ్ళీ వెయ్యలేదు. కూతురు పెరుగుతూ అడిగినప్పుడల్లా, "పాత టేపు తల్లీ, వేస్తే అరిగిపోతుంది. ఒక్కసారే వేసుకుందాం, మంచి రోజు చూసి" అనేవాడు. అసలు సంగతి టేపు అరుగుతుందని కాదు. ఆవిడ నడుస్తుంటే చూసి తట్టుకోగలనన్న ధైర్యం ఆయనకి లేదు. బీరువాలో ఉంది, చాలు అనుకున్నాడు. అలా ముప్పై ఏళ్ళు గడిపేశాడు మహానుభావుడు.

కూతురు రెండు వీధుల అవతలే ఉంటుంది. ఆసుపత్రిలో కాళ్ళు విరిగినవాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పే పని. రోజంతా "కుడికాలు ముందుకి, బరువు ఆనించండి, భయం లేదు" అంటూ ఉంటుంది. భర్త తూకం మిషన్లు బాగుచేస్తాడు. మెత్తని మనిషి, ఒక్కచోట కూర్చోలేడు. మావగారింటికొస్తే ముందు వంటింట్లోకెళ్ళి సింకులో ఏమున్నాయో చూస్తాడు.

ఒక ఆదివారం ఇద్దరూ వచ్చారు. అల్లుడు అలవాటు ప్రకారం గిన్నెల దగ్గరికెళ్ళాడు. కూతురు తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, వచ్చే నెలతో నేను అమ్మకన్నా పెద్దదాన్నైపోతాను."

"అదేం మాటే?"

"అమ్మ ముప్పై నాలుగేళ్ళ మూడు నెలలు బతికింది. వచ్చే నెల పదిహేనుకి నాకూ అంతే. ఆ తర్వాత నేనే పెద్ద." తండ్రి వైపు తిరిగింది. "ఫోటోల్లో చూస్తే అమ్మకీ నాకూ పోలికే లేదు. ముక్కు నీది, నుదురు నీది, ఆఖరికి చెవులు కూడా నీవే. అమ్మది నాలో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఒక్కసారి నడక చూడాలి నాన్నా. నడక చూస్తే నాకు తెలిసిపోతుంది, అది నా పనే కదా. నేనేమీ ఏడవను. వెయ్యి."

ఇంక మంచి రోజులు, అరిగిపోవడాలు ఏమీ చెప్పలేకపోయాడు ఆయన. బీరువా తీశాడు, దుప్పటి విప్పాడు, క్యాసెట్ పెట్టాడు. టీవీ ముందు నేల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. 

తెర మీద గీతలు పరుగెత్తాయి. ఒక స్టేజీ కనబడింది. అట్టముక్కలతో సూర్యుడి వేషం కట్టిన పిల్లాడొకడు వచ్చి నిలబడ్డాడు. కిరీటం కళ్ళ మీదికి జారింది. వాడు భోరుమన్నాడు.

"ఇదేంటి నాన్నా?"

 అది స్కూలు వార్షికోత్సవం, రెండో భాగం. నిజంది. స్కూలు వాళ్ళు పట్టుకెళ్ళకపోతే అదీ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఒకే లేబుల్ ఉన్న క్యాసెట్లు రెండు. భార్య పోయిన ఆ రోజుల్లో కళ్ళు సరిగ్గా కనబడక, ఆయన తీసి దాచింది దీన్ని. ముప్పై ఏళ్ళు బీరువాలో, చీరల అడుగున, ఎవరి పిల్లాడి ఏడుపునో పదిలంగా దాచుకున్నాడు. రెండోది అరలో ఉండిపోయింది. దాని లేబుల్ కూడా ఆ ఆదివారం తడిగుడ్డతో పోయింది. చూడకుండా, చదవకుండా, చేతికొచ్చినదల్లా గీకేశాడు కదా మరి!

దాచకుండా చెప్పేశాడు. 

కూతురు టీవీ ఆపేసింది. "అంటే, అమ్మ మీద... నువ్వు నీళ్ళ పళ్ళేలు తీశావా నాన్నా?"

"తెలియదమ్మా. తీసి ఉండొచ్చు."

"తెలియదు! తెలియకూడదనేగా నీ ఆట అంతా!" అని లేచింది. గొంతు పెంచలేదు, అదే ఆయనకి ఎక్కువ బాధైంది. అరిచి తిట్టినా బాగుండేది. ఆమె చెప్పులేసుకుని దిగిపోయింది. అల్లుడు తడి చేతులతో వచ్చి, మావగారి వంకా గుమ్మం వంకా చూసి, "నేను మాట్లాడతాను మావయ్యా, మీరు కంగారు పడకండి" అని భార్య వెనకే పరుగెత్తాడు.

ఆ వారమంతా ఆయన డబ్బాల జోలికి పోలేదు. షాపులో ఒకావిడకి నవ్వొద్దని చెప్పడం మర్చిపోతే ఆవిడ హాయిగా నవ్వేసింది, ఫోటో మళ్ళీ తీయాల్సొచ్చింది. ఇస్త్రీ అతను "ఒంట్లో బాలేదా మావయ్యా, పైన ఏం తిరగట్లేదు?" అని అడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభంరా అన్నాడే కానీ, ఏ చేతులో ఏ ఆకులో చెప్పలేదు.

శనివారం సాయంత్రం కూతురు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. సంచి కింద పెట్టింది.

"ఎన్నున్నాయి?"

"యాభై ఎనిమిది."

"అమ్మని తీసింది క్యాసెట్ మొదట్లోనే అన్నావు కదా. అన్నిటికీ మొదటి ఇరవై నిమిషాలు చూద్దాం. ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉండొచ్చు. ఒక్క అడుగు చాలు నాకు."

మొదలుపెట్టారు. ఫాస్ట్‌గా తిప్పుతూ చూడటం, తీసి పక్కన పెట్టడం, ఇంకోటి. సాయంత్రానికి పది, పన్నెండు.  తండ్రి తీసినవి ఆమె ఎప్పుడూ కూర్చుని చూసింది లేదు. "మా నాన్న ఏవో గోడలు తీస్తుంటాడు" అని నవ్వుతూ చెప్పుకునేది, అంతే. ఇప్పుడు తప్పక చూస్తోంది. గోడలే. మెట్ల మీద వెలుగు ముక్కలు. సైకిలు చక్రం ఊచల్లోంచి ముక్కలైపోయే ఆకాశం. కొళాయి కింద చుక్క పడుతూ, పడబోతూ, పడకుండా.

రెండో రోజు, "ఆగు నాన్నా. దీన్ని మామూలుగా వెయ్యి" అంది.

కెమెరాని బస్సు వెనక సీట్లో వదిలేసినప్పటిది. కిటికీల్లోంచి ఎండ పడి సీట్ల మీంచి పాకుతూ ముందుకి పోతోంది. బస్సు మలుపు తిరిగితే అదీ తిరుగుతోంది. ఒక ముసలాయన ఒళ్ళోకి ఎక్కింది, దిగింది. ఆయనకి తెలియనే తెలియదు. వెనక మాత్రం ఎవరో పెద్దమనిషి గొంతు: "ఈ సందర్భంగా నేను రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను." పది నిమిషాలైనా ముగించలేదు.

కూతురు ఫక్కున నవ్వింది. వారం రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది. తర్వాత, నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు, "సరే, తిప్పు" అంది.

అయినా ఆ తర్వాత రోజూ ఒకటో రెండో ఆపించేది. "ఇదెలా తీశావు?" "నేను తియ్యలేదమ్మా, తాడు తెగి కిందపడింది." "మరి ఇది?" "ఇది పిల్లి." తండ్రికి సిగ్గుగానూ ఉంది, లోలోపల ఏదో ఆనందంగానూ ఉంది. ఆ ఆనందం తప్పనిపిస్తోంది. దేని కోసం వెతుకుతున్నాం, ఏం చూసి సంతోషిస్తున్నాం అని తనని తాను తిట్టుకునేవాడు.

అయిదో సాయంత్రానికి యాభై ఎనిమిదీ అయిపోయాయి. ఎక్కడా ఆవిడ లేదు. ఒక్క అడుగు లేదు, చీర కొంగు కూడా లేదు.

ఆయన క్యాసెట్లు ఒక్కొక్కటే అరలో సర్దుతున్నాడు. కూతురు రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, ఫాస్ట్‌గా తిప్పితే సౌండ్ రాదు కదా?" అంది.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"బిళ్ళ బొమ్మ పడితే పాత సౌండ్ ఉంటుందన్నావు. బొమ్మే పడి ఉంటే?"

"తెలుసమ్మా."

"తెలుసా? తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదా?"

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. "బొరుసు పడి ఉంటే అది కూడా లేదని తేలిపోతుంది. తేలకపోతే సగమైనా ఉన్నట్టే కదా అనుకున్నాను. నేను పిరికివాణ్ణే తల్లీ. ముప్పై ఏళ్ళు బీరువా తియ్యలేదు, ఇంకా అర్థం కాలేదా నీకు?"

ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఆసుపత్రిలో మొదటి అడుగు వెయ్యడానికి భయపడి గోడ పట్టుకుని నిలబడేవాళ్ళని ఆమె రోజూ చూస్తుంది. "ఆదివారం నాకు సెలవు. పొద్దున్నే వస్తాం" అని మాత్రం అంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే వచ్చారు. అల్లుడు టీ పెట్టి అందరికీ ఇచ్చి, మళ్ళీ వంటింట్లోకెళ్ళిపోయాడు. తండ్రీకూతుళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. ఈసారి ఫాస్ట్ లేదు. ఒక్కో క్యాసెట్ మొదట్లో రెండు నిమిషాలు, మామూలు వేగంలో, చెవులు రిక్కించి. బ్యాండు మోత. ప్రసంగం. ఏమీ లేదు, ఉత్త గాలి. మళ్ళీ బ్యాండు. ఉత్త గాలి వచ్చినప్పుడల్లా ఆయనకి ఒకటే భయం, ఇదే అయి ఉంటుందేమో, బొరుసు పడిందేమో అని.

ఇరవై మూడో క్యాసెట్. తెర మీద నీళ్ళ ట్యాంకు కింద చీకటి. చిల్లులోంచి పడే ఒక సన్నటి ఎండ గీత, దాంట్లో దుమ్ము తిరుగుతోంది. శబ్దం ముందు ఏమీ లేదు. తర్వాత ధబ్ మని ఒకటి. మళ్ళీ ధబ్. బట్టలు రాతి మీద పడుతున్న చప్పుడు. ఆయన కూతురు మణికట్టు పట్టుకున్నాడు.

ఒక చిన్నపిల్ల గొంతు ఏదో అడిగింది. అర్థం కాలేదు. ఎవరో నవ్వారు. కొళాయి పారింది, ఆగింది. తర్వాత ఆవిడ గొంతు, దగ్గరగా, స్పష్టంగా, కాస్త విసుగ్గా:

"ఏవండోయ్! అది పక్కన పెట్టి ఒకసారి ఇటు రండి. ఈ బకెట్ నేనొక్కదాన్నే ఎత్తలేను."

"వస్తున్నా, వస్తున్నా" అని జవాబొచ్చింది.

టీవీలోంచి కాదు. వంటింట్లోంచి. అల్లుడు చేతులు చొక్కాకి తుడుచుకుంటూ హడావుడిగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏ బకెట్? నువ్వెత్తకు, నడుము పట్టేస్తుంది. ఎక్కడుంది?"

ఇద్దరూ అతని వంక చూశారు. అతను గదంతా చూశాడు. బకెట్ ఎక్కడా లేదు.

"నేను పిలవలేదు" అంది ఆమె మెల్లగా.

"భలేదానివే! నీ గొంతు నాకు తెలియదా? ఏవండోయ్ అని ఇప్పుడేగా అరిచావు?"

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవనని మాటిచ్చింది కానీ, అది చూపు గురించి ఇచ్చిన మాట, వినడం గురించి కాదు. ఆయన మాత్రం కదలకుండా కూర్చున్నాడు. ఈ గొంతు తన ఇంట్లోంచి పోయిందనుకున్నాడు ముప్పై ఏళ్ళు. అది పోలేదు. నెలనెలా, ఏటేటా కొంచెం కొంచెంగా కూతురి గొంతులోకి వచ్చి చేరింది, పక్కనే ఉంది. మందులేసుకున్నావా నాన్నా అని రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. తను చెవులుండీ వినలేదు. వెలుతురు వెలుతురు అని గోడలు పట్టుకుని తిరిగాడు.

టేపులో ఇంకో గొంతు వినబడింది. మగ గొంతు, కుర్ర గొంతు, ఏమాత్రం తొందర లేని గొంతు. "ఒక్క నిమిషం."

తర్వాత చాలాసేపు మాటల్లేవు. ఇనప బకెట్ నేల మీద ఈడుస్తున్న చప్పుడు మాత్రం వచ్చింది. తెర మీద ఎండ గీతలో దుమ్ము అలాగే తిరుగుతోంది.

"నేను లేవలేదమ్మా ఆ రోజు" అన్నాడు ఆయన.  "ఒక్క నిమిషం అన్నాను. అంతే. మీ అమ్మే ఈడ్చుకుంది."

కూతురు కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలో ఇంకా బకెట్ కోసం వెతుకుతున్న భర్త వంక చూసి, తండ్రి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"పోనీలే నాన్నా. ఇవాళ పిలిస్తే ఈయన వచ్చారుగా" అంది.